ముఐథర్ మిద్దె మీద ఇరవై నాలుగు డబ్బాలు

మా బాపును నేను దగ్గరగా చూసింది దోహాలోనే. అంతకు ముందు ఆయన నాకు ఫోన్‌లో ఒక గొంతు. రెండేళ్ళకోసారి రెండు నెలల సుట్టీ మీద వచ్చి, సొంత ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుందో తెలియక వెతుక్కునే చుట్టం. నేను పుట్టకముందే ఆయన గల్ఫ్‌కు పోయాడు. మొదట మస్కట్, తర్వాత ఖతార్. మా జగిత్యాల వైపు ఊళ్ళలో ఆ దేశాలన్నిటికీ ఒకటే పేరు. బడిలో "మీ నాయన ఏడుంటడు?" అని అడిగితే "దుబాయ్‌ల" అని నేనూ చెప్పేదాన్ని.

బాపు స్టీల్ ఫిక్సర్. స్లాబు పోయకముందు ఇనుప కడ్డీలను జాలీలాగా పరిచి, అవి కలిసే ప్రతి చోటా బైండింగ్ వైరుతో ముడి వేయడం ఆయన పని. ఒక్క స్లాబులో అలాంటి ముడులు వేలల్లో ఉంటాయి. కుడిచేతి బొటనవేలు గోరు ఆయనకు సరిగ్గా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

నేను హైదరాబాద్‌లో ఎం.టెక్. పూర్తి చేశాక దోహాలోని ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి అవకాశం వచ్చింది. ఒక పరిశోధన ప్రాజెక్టు నిధులతో నడిచే సీటు అది. ఫీజు ఉండదు, నెలనెలా స్టైపెండ్ వస్తుంది, వీసా కూడా వాళ్ళే ఇస్తారు. మూడేళ్ళు ఖాయం. పని బాగుందనిపిస్తే నాలుగో ఏడు పొడిగిస్తారు. ఆ ఉత్తరాన్ని బాపుకు ఫోన్‌లో తెలుగులో చెప్పుకుంటూ చదివాను.

"నేనున్న కాడికేనా?" అన్నాడు బాపు.

"ఔ బాపు."

"గీడ సదువు గూడ ఉన్నదా?"

అప్పటికి ఆయన ఆ నగరంలో ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాడు.

నేను దోహా శివారులోని ముఐథర్‌లో, గదులుగా విడగొట్టి అద్దెకిచ్చే ఒక విల్లాలో దిగాను. నా గదిలో ఉండే ఆవిడ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. అల్ హిలాల్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. వయసులో నాకంటే పదేళ్ళు పెద్దది, ఆపా అని పిలిచేదాన్ని. బాపు వాళ్ళ కంపెనీ పనివాళ్ళుండే క్యాంపు ఊరికి ఆ చివర, ఇండస్ట్రియల్ ఏరియాలో. ప్రతి శుక్రవారం రెండు బస్సులు మారి వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఏదో ఒక కవరు పట్టుకుని, గేటు బయటే నిలబడి ఫోన్ చేసేవాడు. ఆడవాళ్ళుండే విల్లా కాబట్టి లోపలికి వచ్చేవాడు కాదు. పక్క సందులో కేరళవాళ్ళ హోటల్ ఉంది. అక్కడ కూర్చుని తినేవాళ్ళం.

ఇంటికి వచ్చినప్పుడు మాటలే రాని మనిషనుకున్న బాపు, ఆ హోటల్లో మలయాళంలో ఆర్డర్ చెప్పి, పక్క టేబుల్ మీది బంగ్లాదేశ్ వాళ్ళతో వాళ్ళ భాషలో నవ్వుతూ మాట్లాడుతుంటే నోరు తెరుచుకుని చూశాను. నేపాలీ వెయిటర్ ఆయన్ను "చాచా" అని పిలిచాడు. ఇరవై ఆరేళ్ళు వచ్చాక నాకు ఒక తండ్రి కొత్తగా పరిచయమయ్యాడు. ఆ మొదటి రెండేళ్ళ శుక్రవారాలు నా జీవితంలో మంచి రోజులు. ఆ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే మిగతాదంతా మంచిది కాదు.

ఒకసారి బాపును దింపడానికి క్యాంపు గేటు దాకా వెళ్ళాను. బయట నిలబడ్డ మనోళ్ళు నలుగురు దగ్గరికొచ్చారు. నిర్మల్ వైపు ఆయన ఒకడు ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించాడు.

"అమ్మా, కూసుంటే లేవనిస్తలేదు. ఏం గోలీ ఏసుకోవాలె?"

"నేను ఆ డాక్టర్‌ను కాదన్నా," అన్నాను.

"మీ బాపు చెప్పిండు గదా, మా బిడ్డ డాక్టర్ సదువుతున్నదని."

బాపు అటు తిరిగి బస్సు కోసం చూస్తున్నట్టు నటించాడు. తర్వాత నాతో, "చెప్పిన బిడ్డా, గది వేరే డాక్టర్ అని. ఈళ్ళకు తెల్వది," అన్నాడు. గొంతులో సంతోషం దాగలేదు.

"మరి నువ్వు చేసేది ఏంది?" అని ఒక శుక్రవారం అడిగాడు. చాయ్ గ్లాసుల మధ్య కాగితం మీద చుక్కలు పెట్టి చెప్పాను. ఒక పెద్ద జాగాలో చిన్న చిన్న యంత్రాలు పెడతాం. ఒక్కొక్కటి తన దగ్గర ఎంత వేడి ఉందో కొలుస్తుంది. చవక యంత్రాలు కాబట్టి ఒక్కోటి కొంచెం తప్పు చెప్తుంది. అన్నిటి లెక్కలూ తీసుకుని కూడే పెద్ద కంప్యూటర్ ఎక్కడా ఉండదు. ప్రతిదీ వైర్‌లెస్‌లో తన పక్కవాటితో మాత్రమే మాట్లాడుతుంది. నీకెంత వచ్చింది, నాకింత వచ్చింది అని చెప్పుకుని, తమ లెక్క కొంచెం కొంచెం సవరించుకుంటాయి. అలా మాట్లాడుకోగా మాట్లాడుకోగా అన్నీ ఒకే సంఖ్య దగ్గరికి వస్తాయి. ఆ సంఖ్య నిజానికి చాలా దగ్గరగా ఉంటుందని, ఎంత దగ్గరగా ఉంటుందో కూడా ఆ యంత్రాలే చెప్పగలవని నేను గణితంలో నిరూపించాను.

"ఫోర్మన్ లేకుండ పని నడుస్తదన్నట్టు," అన్నాడు బాపు.

"గంతే."

"నడుస్తదా మరి?"

"కాగితం మీద నడిచింది."

ఆ నిరూపణ రెండో ఏడు చివర ఒక పేరున్న పత్రికలో అచ్చయింది. మా ప్రొఫెసర్ ట్యునీషియా నుంచి వచ్చినాయన. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు ల్యాబ్‌లో అందరికీ ఖర్జూరాలు పంచాడు. మూడో ఏడంతా ఆ పద్ధతిని నిజమైన ఎండలో, నిజమైన యంత్రాలతో పరీక్షించి చూపించాలి. ఆ ఫలితాలతో రాసే రిపోర్టు చూసి నాలుగో ఏడు నిధులు ఇస్తారు. ఆ నిధుల మీదే నాతోబాటు ఇంకో ఇద్దరు విద్యార్థులున్నారు.

పరీక్షకు మా విల్లా మిద్దెనే ఎంచుకున్నాను. మిద్దెకు మెట్లు బయటి నుంచే కాబట్టి విల్లా చూసుకునే కేరళ ఆయన ఒప్పుకున్నాడు. జూన్‌లో ఒక శుక్రవారం పొద్దున్నే బాపు కట్టింగ్ ప్లేయర్, ఒక చుట్ట బైండింగ్ వైరు తెచ్చాడు. ఇరవై నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో దాంట్లో ఒక సెన్సార్, ఒక బ్యాటరీ, వేలెడంత యాంటెన్నా. నేను మెట్ల దగ్గర నీడలో ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నాను.

"ఏడ కట్టాలె?" అని పైనుంచి కేకేశాడు.

"మిద్దంతా వచ్చేటట్టు. గాలికి కదలద్దు, గట్టిగ పట్టే కాడ కట్టు," అన్నాను తల ఎత్తకుండానే.

తొమ్మిదయ్యేసరికి అన్నీ కట్టేశాడు. అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఆ రోజు హోటల్లో బాపు రెండు పరోటాలు ఎక్కువ తిన్నాడు.

మిద్దె మధ్యలో డిపార్ట్‌మెంట్ నుంచి తెచ్చిన ఖరీదైన థర్మామీటర్ ఒకటి పెట్టాను, నిజం ఎంతో తెలియడానికి. మూడు వారాల తర్వాత రెండూ పక్కపక్కన వేసి చూశాను. నా డబ్బాలన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. ఆ ఏకాభిప్రాయం చూడముచ్చటగా ఉంది. పైగా తమ లెక్కలో తేడా ఏమంత ఉండదని ధీమాగా చెప్తున్నాయి. కాని మంచి థర్మామీటర్ చెప్పేదానికి వాటికి మధ్యాహ్నమైతే మూడు డిగ్రీల తేడా. తప్పు చెప్పడం ఒక ఎత్తు. తప్పు చెప్తూ, మాకు తప్పే రాదని చెప్పడం ఇంకో ఎత్తు. నా నిరూపణ ప్రకారం అలా జరగడానికి వీల్లేదు.

ప్రోగ్రాం మొత్తం మళ్ళీ చూశాను. డబ్బాలు పంపిన లెక్కలన్నీ తిరగేశాను. ఏదీ దొరకలేదు. రిపోర్టుకు ఇంకా నెలన్నరే ఉంది. అన్నం సయించడం మానేసింది. తల దువ్వుకుంటే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. ఏడుపొస్తే ల్యాబ్ పక్కనున్న వాష్‌రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకునేదాన్ని. అలాంటి స్థితిలో ఒక రోజు పొద్దున మిద్దె ఎక్కి చూస్తే, ఐదు డబ్బాలు ఏసీల బయటి యంత్రాల స్టాండ్లకు కట్టి ఉన్నాయి. గదుల్లోని వేడినంతా ఏసీ ఊదేది అక్కడే. ఆ క్షణాన నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. తప్పు నాది కాదు.

ఆ శుక్రవారం బాపు వచ్చేదాకా ఆగాను. గేటు బయటే మొదలుపెట్టాను.

"ఏసీల పక్కన ఎవలు కట్టమన్నరు?"

"ఏమైంది బిడ్డా?"

"ఏమైందా? మూడేండ్ల పని ఆగమైంది. ఇరవై ఏండ్ల సంది కట్టుడే గదా నీ పని! గీ నాలుగు డబ్బలు సక్కగ కట్టరాదా?"

సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు. బాపు కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నువ్వు గట్టిగ పట్టే కాడ కట్టుమంటివి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నా ముఖం చూసి, "ఔ. నాదే తప్పు. మల్ల కడత," అన్నాడు.

ఆ రోజు హోటల్‌కు వెళ్ళలేదు. కవరు నా చేతిలో పెట్టి వెనక్కి బస్సెక్కాడు.

తర్వాతి శుక్రవారం నేను పొద్దున్నే యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళిపోయాను. బాపుకు ఫోన్ చేయలేదు. చేస్తే క్షమించమని అడగాలి, అడిగే ఓపిక నాకు లేదనుకున్నాను. అది ఆగస్టు. అక్కడి చట్టం ప్రకారం వేసవి మధ్యాహ్నాలు బయట పని చేయించకూడదు. అల్ తుమామాలో బాపు పనిచేసే సైట్ మీద కూడా ఆ గంటల్లో అందరినీ నీడలోకి పంపేస్తారు. నా మిద్దె మీదికి ఆ చట్టం రాలేదు.

రెండున్నరకు ఆపా ఫోన్.

"జల్దీ రా అమ్మా. మీ బాపు ఛత్ మీద పడిపోయిండు. నేను బట్టలు తెద్దామని మిద్దె ఎక్కిన. మాట ఆడుతలేడు. అంబులెన్స్‌కు ఫోన్ జేసిన."

నేను వచ్చేసరికి ఆయన్ను కిందికి దించుతున్నారు. ఆపా తన మంచం మీది దుప్పటి నీళ్ళలో ముంచి ఆయన ఒంటి మీద కప్పింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు. ఒళ్ళు కాలుతోంది, చెమట మాత్రం లేదు. చెమట లేకపోవడమే ప్రమాదమని ఆపా అంబులెన్స్‌లో చెప్పింది. కేరళ ఆయన చెప్పిన ప్రకారం బాపు పదిన్నరకు వచ్చి మిద్దె తాళంచెవి అడిగి తీసుకున్నాడు. ఇరవై నాలుగు డబ్బాలూ విప్పాడు. ఏసీలకు దూరంగా, పిట్టగోడ పొడుగునా, సిమెంటు వేడి తగలకుండా ఒక్కో దాని కింద చెక్క ముక్క పెట్టి మళ్ళీ కట్టాడు. చివరి డబ్బాకు ముడి వేసి అక్కడే పడిపోయాడు.

ఎండదెబ్బ మూత్రపిండాలకు కొట్టిందన్నారు. నాలుగు రోజులు యంత్రాల మధ్య ఉంచారు. మూడో రోజు కంపెనీ తరఫున కాగితాల పని చూసే మనిషి వచ్చాడు. మర్యాదగానే అడిగాడు, హిందీలో.

"డ్యూటీలో జరిగిందా?"

"కాదు. సెలవు రోజు."

"ఎక్కడ?"

"మా విల్లా మీద."

"ఏం చేస్తున్నాడు అక్కడ?"

నా పని చేస్తున్నాడు అన్నాను. ఆయన రాసుకున్నాడు.

ఆస్పత్రి వరండాలో కుర్చీలు గోడకు బిగించి ఉంటాయి. లోపలికి పంపే గంట వచ్చేదాకా అక్కడే కూర్చునేదాన్ని. ఐదో రోజు పొద్దున చేతులు ఊరికే ఉండలేక ల్యాప్‌టాప్ తెరిచాను. మిద్దె మీది డబ్బాలు శుక్రవారం నుంచి కొలుస్తూనే ఉన్నాయి. కొత్త లెక్కలు తీసి చూశాను. డబ్బాలన్నీ మళ్ళీ ఒకే మాట మీద ఉన్నాయి, మళ్ళీ అంతే ధీమా. తేడా మూడు నుంచి రెండున్నరకు దిగింది, అంతే.

అంటే ఏసీలు కావు. అంటే బాపు కాదు.

అచ్చయిన నా వ్యాసం కాగితాలు సంచిలోనే ఉన్నాయి. అప్పుడు మొదటిసారి వాటిని నావి కావన్నట్టు చదివాను. పదకొండో పేజీలో, రెండు యంత్రాలు మాట్లాడుకున్నాక ఒకదాని తప్పుకూ ఇంకోదాని తప్పుకూ సంబంధం లేదని ఒక వరుసలో రాసి ముందుకు పోయాను. ఉంది సంబంధం. మాట్లాడుకున్నాయి కాబట్టే ఉంది. ఒకడు అన్న మాట నలుగురి నోళ్ళు తిరిగి మళ్ళీ వాడి చెవినే పడితే, వాడు దాన్ని ఐదో సాక్ష్యమనుకున్నట్టు. నా డబ్బాలు తమ తప్పునే చుట్టూ తిప్పుకుని, నలుగురూ అదే అంటున్నారు కదా అని ధైర్యం తెచ్చుకున్నాయి. ఆ ఒక్క వరుస మీద మిగతా నిరూపణంతా నిలబడి ఉంది. ఇద్దరు సమీక్షకులు చూశారు, ప్రొఫెసర్ చూశాడు, నేను వందసార్లు చూశాను. ఎవరికీ కనపడలేదు.

వరండాలో నర్సులు పోతున్నారు, వస్తున్నారు. నేనే తప్పు చేసి, ఆ తప్పును వీధిలో నిలబెట్టి బాపు మీద వేసి, ఆయన్ను ఎండలోకి పంపాను. ఇంకో రకంగా చెప్పడానికి ఎంత వెతికినా నాకు దారి దొరకలేదు.

బాపును మామూలు వార్డుకు మార్చిన రోజు మంచం పక్కన కూర్చుని చెప్పాను.

"బాపు, డబ్బలు నువ్వు సక్కగనే కట్టినవ్. లెక్క నేను తప్పు జేసిన. ఏసీలతోని ఏం కాలే."

ఆయన పెదవులు పగిలి ఉన్నాయి.

"మంచిది బిడ్డా," అన్నాడు. నా చేతి మీద రెండుసార్లు తట్టాడు. చిన్నప్పుడు సుట్టీ అయిపోయి తిరిగి పోతూ, "జల్దీ వస్త" అని తట్టినట్టే తట్టాడు. నమ్మలేదని నాకు తెలిసిపోయింది.

ప్రొఫెసర్ దగ్గరికి ఆదివారం వెళ్ళాను, అక్కడ అది పనిరోజే. పదకొండో పేజీ ముందు పెట్టి, తప్పు ఎక్కడో చూపించాను. ఆయన పెన్సిల్ తీసుకుని అరగంట లెక్క వేసుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"మా నాన్నకు."

ఆయన ముఖంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రిపోర్టుకు పన్నెండు రోజులుంది. దాచేద్దాం, నిధులు వచ్చాక చూసుకుందాం అంటాడేమోనని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అనాలని కోరుకున్నాను. అని ఉంటే ఒప్పుకునేదాన్ని.

"ఇది రాస్తే పొడిగింపు రాదు. రాయకపోతే నేను సంతకం పెట్టలేను," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ముందు పత్రికకు ఉత్తరం రాద్దాం. కూర్చో."

ఇద్దరం కలిసి రాశాం. ఏడు వాక్యాలు. మూడేళ్ళలో నేను రాసినవాటిలో పూర్తిగా నిజమైనవి అవేనేమో.

ఆ తర్వాత రెండు నెలలు ఆ నిరూపణను బతికించాలని చూశాను. ఒక అతుకు వేస్తే అటు పక్క ఊడేది. తప్పు మాట ఎన్ని చేతులు మారిందో ప్రతి యంత్రమూ గుర్తుపెట్టుకుంటే సమస్య తీరుతుంది, కాని అంత గుర్తుపెట్టుకునే శక్తి ఆ చవక యంత్రాలకు లేదు. గుర్తుపెట్టుకోకుండా దారి ఉందా అని కాగితాలు నింపాను. ఉన్నట్టే ఉండేది, మర్నాటికి ఉండేది కాదు. ఒక దశలో కాగితం ముందు కూర్చుంటే అక్షరాలు అక్షరాల్లా కనపడటం మానేశాయి. ఆపా ప్లేటు తెచ్చి ముందు పెట్టి, "ముందు తిను. తర్వాత ఏడువు," అనేది. నేను రెండూ సరిగ్గా చేయలేకపోయేదాన్ని.

పొడిగింపు రాలేదు. నాతో ఉన్న ఇద్దరిలో ఒకతను వేరే ప్రాజెక్టుకు మారాడు. రెండో అమ్మాయి తన దేశం వెళ్ళిపోయింది. పోయే రోజు నన్ను కౌగిలించుకుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

బాపు నాకంటే ముందే పోయాడు. వైద్య పరీక్షలో ఎండలో పనికి పనికిరాడని తేల్చారు. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ ఇస్తామంటే వద్దని నడిచాడు, నాలుగడుగులకోసారి ఆగుతూ. క్యాంపు నుంచి నిర్మల్ ఆయన వచ్చి సంచులు మోశాడు. లోపలికి పోయే లైను దగ్గర బాపు నా తల మీద చెయ్యి పెట్టాడు.

"గా ఒక్క పని సక్కగ జేస్తే నీ సదువు అయిపోయేది బిడ్డా."

"నేను చెప్పిన గదా బాపు, నీది కాదని."

"ఔ, చెప్పినవ్," అన్నాడు. లైను కదిలింది.

డిసెంబర్‌తో నా స్టైపెండ్ ఆగింది, దాంతోబాటే అక్కడ ఉండే అనుమతీ. మిద్దె మీద డబ్బాలు నేనే విప్పాను. బాపు ముడులు ఒక పట్టాన ఊడలేదు. ప్లేయర్ వాడటం చేతకాక వేళ్ళు గీరుకుపోయాయి. ప్రొఫెసర్ నన్ను థీసిస్ మా ఊరి నుంచే పూర్తి చేసి పంపమన్నాడు, గడువు ఒకటి ఇప్పించాడు. కరీంనగర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. వారానికి ఇరవై రెండు క్లాసులు. సెలవుల్లో కాగితాలు బయటికి తీసేదాన్ని, మూసేసేదాన్ని. గడువు దాటింది. ఇంకోసారి పొడిగించారు, అదీ దాటింది. ఒక ఉదయం యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది, నా పేరు విద్యార్థుల జాబితాలోంచి తీసేశామని. చదివి, ఫోన్ పక్కన పెట్టి, తొమ్మిది గంటల క్లాసుకు వెళ్ళాను.

ఇప్పుడు బాపు ఇంటి దగ్గరే ఉంటాడు. ఉప్పు తినకూడదు. నెలకోసారి కరీంనగర్‌లో రక్తపరీక్షకు నేనే తీసుకుపోతాను. ఆ మధ్య ఒక ఆదివారం, పక్కింటాయన వచ్చి అరుగు మీద కూర్చుని, నా చదువు సంగతి అడిగాడు. నేను లోపల ఉన్నాననుకోలేదు ఇద్దరూ.

"అయ్యేదే. నేనే పాడు జేసిన," అన్నాడు బాపు. చాలాసార్లు చెప్పి అలవాటైనట్టు తేలిగ్గా అన్నాడు.

పక్కింటాయన పోయాక బయటికి వచ్చాను. కాగితం తెచ్చి, బాపు పక్కన కూర్చుని, మళ్ళీ చుక్కలు పెట్టాను. ఈసారి ఏదీ దాటవేయకుండా చెప్పాను. ఒక యంత్రం తప్పు పక్కదానికి ఎలా పోతుంది, అది తిరిగి తిరిగి మళ్ళీ మొదటిదాని దగ్గరికే కొత్త మాటలాగా ఎలా వస్తుంది, నేను ఆ సంగతి లెక్కలో ఎలా మరిచిపోయాను. ఆయన వేలు పెట్టి గీతల వెంట పోతూ శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఒక్కని తప్పే సుట్టు తిరిగొచ్చింది. అందరు చెప్పినట్టు అనిపిచ్చింది."

"గదే బాపు! గదే. గది నేను చూసుకోలే."

కాగితం మీద మొదటి చుక్క మీద వేలు పెట్టాడు.

"మరి మొదటి తప్పు మాట చెప్పిన డబ్బ ఏసీ పక్కన కట్టింది నేనే గదా," అన్నాడు.

"అది కాదు బాపు. నువ్వు మార్చి కట్టినంక గూడ తప్పే వచ్చింది. నేను చూసిన."

"మార్చి కట్టిన్నాడు నాకు సోయి లేదు బిడ్డా. చివరి డబ్బలు ఎట్ల కట్టిన్నో, ఏడ కట్టిన్నో..."

ఇరవై నాలుగూ నా చేతులతో విప్పాను, ఒక్కటీ వదులు లేదు అన్నాను. తలూపాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చి, గోలీలేసుకునే యాల్లయిందని లేచాడు. గోడ పట్టుకుని నెమ్మదిగా లోపలికి నడుస్తుంటే నేను వెనకాలే వెళ్ళి నీళ్ళిచ్చాను. ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆయన అదే చెప్తాడు. నేను పక్కన ఉంటే నాది నేను చెప్తాను. వినేవాళ్ళు ఇద్దరి మొహాలూ చూసి, ఎక్కువగా, ఆయన మాటే నమ్ముతారు.